నేర్పిన మాట

పోయిన వారం కెజియాను మనం పులివెందులలో, ఆ పెద్దింటి గుమ్మం ముందు వదిలిపెట్టాం. ఒక కాలి చెప్పు విప్పింది, రెండోది ఇంకా కాలికే ఉంది. లోపలి నుంచి వనజమ్మ గొంతు వినబడుతోంది. ఒకటే మాట. ఆగి, ఆగి, మళ్ళీ అదే మాట.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళకు కాస్త వెనకటి సంగతి చెప్పాలి. కెజియా స్పీచ్ థెరపిస్టు. మాట రాని పిల్లలకు, నత్తి ఉన్నవాళ్ళకు, పక్షవాతం వచ్చి నోరు పడిపోయినవాళ్ళకు మాట నేర్పడం ఆమె పని. ఉండేది జమ్మలమడుగులో. ప్రాక్టీసు ప్రొద్దుటూరులో, మైదుకూరు రోడ్డులో ఒక మందుల షాపు మీది గదిలో. పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు నాలుగు రోజులు ఉత్సాహంగా వస్తారు. ఆ తర్వాత ఇంట్లో ఏ పెద్దావిడో "వాళ్ళ తాతకూ ఆలస్యంగానే మాటలొచ్చినాయి, వచ్చినప్పుడే వస్తాయిలే" అంటుంది. అంతే, రావడం మానేస్తారు. భర్త జాన్సన్‌కు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని అయిపోయింది. ఇంకోటి దొరకలేదు.

అందుకని కెజియా ఖాళీ పూటలకు వేరే పని వెతుక్కుంది. ఒక ప్రైవేటు బడివాళ్ళు స్పెషల్ టీచరు కావాలని పిలిచి, గేటు దగ్గర పిల్లల టైలు, బూట్లు చూడమని నిలబెట్టారు. చెవి మిషన్లు అమ్మే అంగడాయన ఒకడు, కొంచెం చెవుడున్న ముసలాళ్ళకు కూడా ఖరీదైన మిషనే రాసిమ్మన్నాడు. రెండు చోట్లా ఆమె ఇమడలేకపోయింది. ఆ తర్వాత దొరికింది ఈ పులివెందుల పని. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, పెట్రోలు బంకు, ఒక బడి ఉన్న నరేష్ అనే ఆసామి, పక్షవాతంతో నోరు పడిపోయిన తన తల్లి వనజమ్మకు మాట తెప్పించమని అడిగాడు. వారంలో మూడు మధ్యాహ్నాలు. బస్సు ఛార్జీలు వేరే.

మొదటి రోజు నరేష్ కళ్ళు తుడుచుకుంటూ అన్న మాటలు కెజియాకు ఇంకా గుర్తే. "పెద్ద పెద్ద మాటలేం వద్దు మేడం. అమ్మ పేరు, ఊరి పేరు, ఇష్టమే అనే మాట. ఈ మూడొస్తే శాలు. అన్నం తింటావా అంటే ఇష్టమే అనల్ల. మనవడు వచ్చినాడు చూడు అంటే ఇష్టమే అనల్ల. అమ్మ నోట ఆ మాట ఇనాలని మా ఆశ."

ఇన్నాళ్ళ ఉద్యోగంలో ఏ కొడుకూ తల్లికి ఈ మాట కావాలని ఏరి అడగలేదు. కెజియా మనసు కరిగిపోయింది.

ఈ రోజు ఆమె రావలసిన రోజు కాదు. ప్రొద్దుటూరులో ఒక పిల్లవాడి తల్లి రావట్లేదని ఫోన్ చేసింది. ఖాళీగా కూర్చోవడం ఎందుకని, రేపటి పని ఈ రోజే చేసేద్దామని బస్సెక్కి వచ్చింది. చెప్పకుండా వచ్చింది. గుమ్మం ముందు నిలబడి వింటోంది.

"ఇష్టమే."

స్పూను గ్లాసుకు తగిలిన చప్పుడు.

"ఇ... ష్టమే."

కెజియా రెండో చెప్పు కూడా విప్పి లోపలికి నడిచింది.

నడింట్లో వనజమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ ఉక్కలో పట్టుచీర కట్టారు. నుదుటి మీద కుంకుమ చెమటకు కరిగి ముక్కు మీదికి జారింది. పడిపోయిన కుడిచేతిని ఒళ్ళో మడిచి, దాని మీద గజ్జెలేవో ఉన్న కొత్త చేతిసంచి పెట్టారు, చేయి కనబడకుండా. ఎదురుగా ఒక పెద్దమనిషి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెల్లగడ్డం, కళ్ళజోడు, ఒళ్ళో కాగితాల కట్ట. నరేష్ పక్కన నిలబడి ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. నరేష్ భార్య ప్రత్యూష అత్తగారి కుర్చీకి ఆనుకుని నిలబడింది. ఆమె చేతిలో కాఫీ గ్లాసు, స్పూను.

"మళ్ళీ అడుగు సిరాజుద్దీనన్నా," అన్నాడు నరేష్. "రిజిస్ట్రారు అడిగినట్టే అడుగు."

ఆ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "వనజమ్మా, ముద్దనూరు రోడ్డులో ఉండే నీ చీనీ తోట నీ కొడుకు నరేష్‌కు దానంగా రాసిస్తాండావు. ఇది నీ ఇష్టంతోనే చేస్తాండావా?"

వనజమ్మ పెదవులు కదిలాయి. గొంతులో నరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. చూపు మాత్రం ప్రత్యూష చేతిలోని గ్లాసు మీద ఉంది.

"ఇష్... టమే."

ప్రత్యూష ఒక స్పూను కాఫీ నోట్లో పోసింది. సగం లోపలికి పోయింది, సగం గడ్డం మీదుగా పట్టుచీర మీదికి కారింది. వనజమ్మ ఇంకో గుక్క కోసం మెడ ముందుకు చాపింది. ప్రత్యూష గ్లాసు వెనక్కి లాగేసింది.

"తొందరగా చెప్పల్ల అత్తా. అంత సేపు తీసుకుంటే ఆ రిజిస్ట్రారు ఆయప్పకు అనుమానం రాదా? ఇంగోసారి చెప్తే ఇంగో స్పూను."

కెజియా అడుగు ముందుకు పడలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

ఆమెను ఆపింది కాఫీ కాదు. ఆ పద్ధతి తనది. ప్రొద్దుటూరు గదిలో పిల్లలు ఒక మాట సరిగా పలికితే చేతిలో గుప్పెడు బొరుగులు పెడుతుంది. పోయిన నెల ప్రత్యూషతో తనే చెప్పింది, "అమ్మకు ఏదిష్టమో అది దగ్గర పెట్టుకోండి, మాట వచ్చినప్పుడు మెచ్చుకుని ఇయ్యండి, తొందరగా పట్టుకుంటుంది" అని. ఆ మాటను వీళ్ళు ఇలా పట్టుకున్నారు. కుక్కకు రొట్టె ముక్క చూపించి కూర్చో, లే అని ఆడించినట్టు.

వంటింటి గడప దగ్గర అఖ్తర్ బీ నిలబడి ఉంది. వనజమ్మను లేపేది, స్నానం చేయించేది, పడుకోబెట్టేది ఆమే. కొంగు నోట్లో కుక్కుకుంది. కెజియాను మొదట చూసింది ఆమే. ఉండబట్టలేక అనేసింది, "పొద్దున్నుంచి ఏమీ పెట్టనీలేదు మేడం. కడుపు నిండితే మాట చెప్పదంట."

అందరూ ఇటు తిరిగారు.

నరేష్ ఫోన్ దించాడు. ముఖంలో ఒక్క క్షణం చిరాకు కనబడి, వెంటనే సర్దుకుంది. "మేడం! ఈ పొద్దు మీరు వచ్చే దినం కాదు గదా. సరేలే, మంచిదే అయింది. రాండి, కూర్చోండి. ఏయ్ అఖ్తరూ, మేడానికి మజ్జిగ తీసకరా."

కెజియా కూర్చోలేదు. నేరుగా పోయి ప్రత్యూష చేతిలోంచి గ్లాసు తీసుకుంది. వనజమ్మ గడ్డం తుడిచింది. తల కొంచెం ముందుకు వంచి, మింగడానికి టైమిస్తూ, నెమ్మదిగా కాఫీ అంతా తాగించింది. గ్లాసు ఖాళీ అయ్యాక వనజమ్మ గట్టిగా ఊపిరి వదిలి కళ్ళు మూసుకుంది.

"మీరు చేస్తాండేది ఏంది సార్?" అంది కెజియా.

"చూస్తానే ఉండారు గదా. ఎల్లుండి రిజిస్ట్రారు ఇంటికే వస్తాండాడు. అమ్మ ఆఫీసు మెట్లెక్కలేదు గదా, దానికి పర్మిషన్ తీసుకున్న్యాం. ఈయన సిరాజుద్దీనన్న, దస్తావేజులు రాస్తాడు. ఆయప్ప ముందర అమ్మ నోటితో చెప్పల్ల. పేరు, ఊరు, ఇష్టమే. మూడు మాటలు." నరేష్ నవ్వాడు. "మీ పుణ్యమా అని మూడూ వచ్చేసినాయి."

మూడు మాటలు. కెజియాకు ఇప్పుడు అర్థమైంది, ఆ కొడుకు ఆ మాటలే ఎందుకు ఏరి అడిగాడో. మనవడి కోసం కాదు, అన్నం కోసం కాదు. మొదటి రోజు తుడుచుకున్న ఆ కన్నీళ్ళు కూడా ఇలాగే నేర్చి తెచ్చుకున్నవే అయి ఉంటాయి.

"ఇది మాట్లాడటం కాదు సార్," అంది.

"నోట్లోంచి మాట వస్తాంటే మాట్లాడటం కాదంటారేంది?"

కెజియా కుర్చీలోని మనిషి వైపు తిరిగింది. చేయబోయే పని ఆమెకు ఇష్టం లేదు. వనజమ్మ ఎడమచేతిని పట్టుకుని, "క్షమించమ్మా" అని మెల్లగా అని, సిరాజుద్దీన్‌కు వినబడేలా అడిగింది.

"అమ్మా, మీ పేరు అఖ్తర్ బీ నా?"

వనజమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. కాదన్నట్టు తల అడ్డంగా కదిలింది. నోరు తెరిచింది. "ఇష్టమే."

"మనమిప్పుడు జమ్మలమడుగులో ఉండామా?"

"ఇష్టమే."

"ఈ గ్లాసులో విషం కలిపినారు. తాగుతారా?"

వనజమ్మ గొంతు పెనుగులాడింది. పెదవులు వేరే దేనికోసమో తడుముకున్నాయి. ఎంత తడుముకున్నా చివరికి దొరికేది ఆ ఒక్కటే. "ఇష్... ఇష్టమే." ఆ మాట బయటికి రాగానే ఆమె ఎడమచేత్తో తన నోటిని తనే కొట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"చూసినారా?" అంది కెజియా. "ఆమెకు అన్నీ అర్థమైతాండాయి. కళ్ళు వద్దంటాండాయి, నోరు ఇష్టమే అంటాంది. పక్షవాతం వస్తే అట్లే ఉంటుంది. పొద్దున్నుంచి చెప్పిస్తాండే మాట నాలుక్కు పట్టుకుంటే, నేర్చిన వేరే మాటలు కూడా రాక దేనికైనా అదే వస్తుంది. అది ఆమె జవాబు కాదు."

సిరాజుద్దీన్ పెన్నుకు మూత పెట్టాడు. కాగితాలు సర్దుకుంటూ నరేష్ వైపు చూడలేదు.

నరేష్ మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. "అయితే మంచిదే గదా మేడం! ఆయప్ప యా ప్రశ్న అడిగినా ఒకటే జవాబు వస్తుంది. అంతకంటే ఏం కావల్ల?"

కెజియా ఆ మనిషిని తేరిపారా చూసింది. ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కా, చేతికి కాశీ దారాలు, జేబులోంచి వేలాడే, తల్లి బొమ్మ ఉన్న కీచైన్. పక్కనే ఆ తల్లి తన నోరు తను కొట్టుకుని ఏడుస్తోంది. అతను అటు చూడను కూడా చూడడం లేదు. కుళ్ళిపోయిన పుండు మీద ఈగలు ముసురుకున్నా ఇంత రోత పుట్టదు అనిపించింది ఆమెకు.

"కూర్చోండి మేడం, కూర్చోండి." నరేష్ గొంతు తగ్గించాడు. "మీతో చిన్న పనుంది. అమ్మకు మాట బాగా వస్తాంది, తెలివి బాగుంది అని మీ లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు రాసీండి. స్పీచ్ డాక్టరు చెప్పినాక ఎవరూ వేలు పెట్టరు. మా బడిలో పిల్లోళ్ళకు ఒక స్పీచ్ టీచరును పెట్టుకుందామని శానా దినాలుగా అనుకుంటాండా. ఈ జూన్ నుంచి మీరే. రోజూ సగం పూట. ప్రొద్దుటూరులో మీ గది మీకు ఉంటుంది. జాన్సన్ సార్‌ను కూడా బంకులో చూసుకుందాం."

రోజూ సగం పూట. కెజియా ఏడాదిగా వెతుకుతున్నది అదే. సొంత గది వదలకుండా, పక్కన ఒక నిలకడైన పని. జమ్మలమడుగులో అమ్మ లీలమ్మ ప్రతి రాత్రీ ప్రార్థనలో అడుగుతున్నదీ అదే. ఎంత చక్కగా తెలుసుకుని పెట్టాడు ఎరను! తనను కూడా ఇప్పుడు ఇంకో కుర్చీలో కూర్చోబెట్టినట్టే ఉంది. తన ఎదుట కూడా ఒక స్పూను ఉంది. ఒక్క మాట చెప్తే చాలు.

"రాయను," అంది.

"తొందరపడొద్దు. ఇంటికి పోయి సార్‌తో మాట్లాడి..."

"రాయనంటాండా గదా సార్! ఇంగ ఈ ఇంటికి రాను కూడా. ఎల్లుండి రిజిస్ట్రారు వచ్చినప్పుడు నేనే ఫోన్ చేసి చెప్తా."

నరేష్ ముఖంలో నవ్వు పోయింది. దాంతోపాటు "మేడం", "మీరు" కూడా పోయాయి.

"ఏందమ్మే, శానా లెక్కలు చెప్తాండావు. ఈ మాట నేర్పిచ్చింది ఎవరు? నేనా? నువ్వు! దుడ్లు లెక్కపెట్టుకుని సంచిలో ఏసుకున్నప్పుడు నీకు ఈ నీతి యాడికి పోయింది? పో, రిజిస్ట్రారుతో చెప్పుకోపో. మా అమ్మకు ఆ మాట నేర్పినావా లేదా అని ఆయప్ప నిన్నే అడుగుతాడు. ఏం చెప్తావు?"

ఆ మాట సూటిగా తగిలింది. ఎందుకంటే అది అబద్ధం కాదు. వనజమ్మ నోట మొదటిసారి "ఇష్టమే" అని వచ్చిన రోజు కెజియా చప్పట్లు కొట్టింది. బస్సులో జాన్సన్‌కు ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి లీలమ్మ మోకరించి దేవునికి స్తోత్రం చెల్లించింది. ఎవరి కోసం చెల్లించింది ఆ స్తోత్రం? ఈ మనిషి దానపత్రం కోసమా? నరేష్ మీద పుట్టిన అసహ్యం ఇప్పుడు తన చేతుల మీదికి, తన గొంతు మీదికి పాకింది. ఒంటికి ఏదో జిగట అంటుకున్నట్టు అనిపించింది. వెళ్ళిపోవాలి, ముద్దనూరు బస్సెక్కాలి, ఇంటికి పోయి తలారా నీళ్ళు పోసుకోవాలి.

సంచి భుజానికి వేసుకుంది. రెండడుగులు వేసింది.

"అమ్మా," అన్నాడు సిరాజుద్దీన్ వెనక నుంచి. "ఒక మాట చెప్పిపో. ఈమెకు సొంతంగా మాటే లేదంటావా? ఇంగ ఎప్పటికీ రాదా?"

కెజియా ఆగింది.

"ఉంటుంది సార్," అంది. "మాట లోపల యాడో ఉంటుంది, దారి మూసుకుపోయి ఉంటుంది. మాట రానోళ్ళకు కూడా ఒక్కోసారి పాట వస్తుంది. పాటకు వేరే దారి."

"పాడించు మరి," అన్నాడు నరేష్ వెంటనే. అతని కళ్ళు మళ్ళీ మెరిశాయి. ఫోన్ పైకెత్తాడు. "పాట పాడితే ఇంగా మంచిది. చూసినోడికి అనుమానమే రాదు. పాడించు, వీడియో తీస్తా."

అతని కోసమైతే కెజియా పాడించేది కాదు. కానీ వనజమ్మ ఆమెనే చూస్తోంది. తన నోటిని కొట్టుకున్న ఆ చెయ్యి ఆమె వైపే చాచి ఉంది. ఆ నోట్లో ఆ ఒక్క మాటను మాత్రమే వదిలేసి ఎలా పోవడం?

కెజియా కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వనజమ్మ ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుని, తాళం వేసినట్టు మెల్లగా తట్టసాగింది. ఏ పాట? పెన్న ఒడ్డున ఊళ్ళలో ఏ కులం తల్లయినా, ఏ మతం తల్లయినా ఊయల దగ్గర పాడే పాట ఒకటి ఉంది. లీలమ్మ కెజియాకు పాడింది. మూడో చరణంలో ఎవరి బిడ్డ పేరు వాళ్ళు పెట్టుకుంటారు. గొంతు తగ్గించి అందుకుంది.

"కోడిపిల్లా గూడు చేరే... కొండ మీదా చుక్క పొడిచే..."

వనజమ్మ కనుబొమ్మలు కదిలాయి. కెజియా మళ్ళీ మొదటి నుంచి పాడింది. మూడోసారికి వనజమ్మ గొంతులోంచి సన్నగా మూలుగులాంటి రాగం బయటికి వచ్చింది. మాట లేదు, వరస మాత్రం తప్పలేదు. వంటింటి గడప దగ్గర అఖ్తర్ బీ నోట్లోంచి కొంగు తీసింది.

"కో... డిపిల్లా... గూడూ..."

మాట! వంకరపోయిన పెదవి మీదుగా, ఎంగిలితో కలిసి, అయినా మాటే. కెజియా ఔనని తల ఊపింది. చేతి మీద తాళం ఆపకుండా, తను గొంతు తగ్గిస్తూ, తగ్గిస్తూ, ఆమెను ముందుకు నడిపించింది.

"కొండ మీదా... చుక్క పొడిచే..."

"శభాష్!" అన్నాడు నరేష్ ఫోన్ దగ్గరికి జరుపుతూ. "నా పేరు వస్తాది ఇప్పుడు. పాడమ్మా, నాకు పాడినట్టే పాడు."

మూడో చరణం వచ్చింది. కెజియా పాడటం పూర్తిగా ఆపేసింది. చేతి మీద తాళం ఒక్కటే మిగిలింది. వనజమ్మ కళ్ళు మూసుకుంది. ఎడమచేయి, పట్టులోంచి విడిపించుకుని, లేని ఊయలను మెల్లగా ఊపసాగింది.

"నా తల్లీ... నందినీ... నిదరపోయే..."

పాట ఆగిపోయింది.

అఖ్తర్ బీ గడప మీదే కూలబడిపోయింది. రెండు చేతులతో తల పట్టుకుని, "యా అల్లా, యా అల్లా" అని గొణుక్కుంటోంది. ప్రత్యూష అత్తగారిని చూసింది, ఆ తర్వాత మొగుణ్ణి చూసింది. ఆమెకు కూడా ఆ పేరు కొత్త అని ఆ చూపులోనే తెలిసిపోయింది.

"నందిని ఎవరప్పా?" అడిగాడు సిరాజుద్దీన్. "నువ్వొక్కడివే కొడుకని, వేరే బిడ్డలు లేరని నాతో రాపిచ్చినావు గదా?"

నరేష్ నుదుటి మీద చెమట పట్టింది. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది, ఆపాలన్న ధ్యాస లేదు. "చెల్లెలు," అన్నాడు పొడిగా. "చిన్నప్పుడే పోయింది. చచ్చిపోయింది. ముసలామెకు మతి లేక ఏందేందో పాడ్తాంది. కాగితాలు తీయ్ సిరాజన్నా."

ఊయల ఊపిన చేయి ఉన్నట్టుండి కెజియా చేతిని పట్టుకుని బిగించింది. ఎముకలు నొక్కుకుపోయేంత బలంగా. వనజమ్మ కళ్ళు తెరిచింది. ఆ చూపు కాఫీ గ్లాసు మీద లేదు, కెజియా మీద లేదు. సూటిగా కొడుకు ముఖం మీద ఉంది. తల అటూ ఇటూ ఊగింది. పెదవులు దగ్గరికి వచ్చాయి, విడిపోయాయి, మళ్ళీ దగ్గరికి వచ్చాయి. ఇష్టమే అనే మాట నాలుక మీదికి వచ్చినట్టుంది. దాన్ని ఆమె మింగేసింది, కెజియా కళ్ళారా చూసింది.

"లే... లేదు," అంది వనజమ్మ.

ఆయాసం తీర్చుకుంది. కెజియా చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఉం... ఉండాది."